ఒకే పాము, నూట ఇరవై ముగ్గురు పిల్లలు

గోళ్ల గురవడు కొండ దిగి వాగొడ్డుకు చేరేసరికి అతని దగ్గర ఉన్నవి ఇరవై నాలుగు కౌజుపిట్ట గుడ్లు. వాటితో పాటు భార్య సూరమ్మ, ముగ్గురు పిల్లలు, మూడు రోజుల నిద్రలేమి. గురవడు ముంగిస. లెక్కల్లో చురుకు, కాళ్లలో ఇంకా చురుకు. లేకపోతే అంతదూరం ప్రాణాలతో వచ్చేవాడే కాదు.

వాగు అవతల గేదెల బీడు. తోడేళ్లను కొమ్ములతో తరిమే మంద ఉన్న చోటు అదొక్కటే. కొండమీద బతకలేనివాళ్లంతా అక్కడికొచ్చి ఆశ్రయం అడుగుతారు. మందకు పెద్ద గౌరమ్మ అవ్వ. నడుం లోతు నీళ్లలో నిలబడి, నెమరువేస్తూ, ఒక్కొక్కరి గోడు వింటుంది. ఆమె వీపుమీద కూర్చున్న కొంగ గుమాస్తా. నమ్మితే అవ్వ తోక బురదలో ముంచి నుదుట ఒక చార గీస్తుంది. చార ఉన్నవాళ్లు ఇక బీడువాళ్లే. నమ్మకపోతే కట్ట వెనకనున్న గండిలోంచి పంపేస్తారు. వచ్చిన దారినే పంపితే వరసలో ఉన్నవాళ్లు బెదురుతారట, అందుకని.

ఇవతలి ఒడ్డున తుమ్మచెట్టు కింద జంబన్న నక్క కొట్టు పెట్టుకుంది. అది అమ్మేవి కథలు.

"తమ్ముడూ, ఏం చెప్పుకుంటావు అవ్వతో?"

"జరిగింది చెబుతానన్నా. తోడేళ్లు మా ముంగిసలను కుందేళ్ల పొదల్లోకి దూరమంటున్నాయి. సన్నగా ఉంటాంగా, ఏ సందులోనైనా దూరతామని. కుందేళ్లను మేం బయటికి తరిమితే తోడేళ్లు పట్టుకుంటాయి. నేను రానన్నాను. మా అన్న పుల్లన్నను నా కళ్లముందే చంపాయి. వచ్చే పున్నమికి నా పిల్లలను పనిలోకి పంపమన్నాయి."

జంబన్న నోరంతా తెరిచి ఆవులించింది. "దీనికి గట్టెక్కే అవకాశం నూటికి రెండు పాళ్లు. ఏడుపేదీ? నెత్తురేదీ? నా కథ పట్టుకెళ్లు, నూటికి నూరు."

"నూటికి నూరా? ఎలా చెబుతావు?"

"ఇప్పటికి నలభై కుటుంబాలను పంపాను. నలభైలో ఒక్కడైనా తిరిగొచ్చి నా కథ పారలేదన్నాడా? అడుగు, ఈ ఒడ్డున ఎవర్నైనా అడుగు!"

గురవడు అడిగాడు. నిజమే, ఒక్కరూ తిరిగి రాలేదు. ధర ఇరవై గుడ్లు, ముందే ఇవ్వాలి. పిల్లల ముఖాలు చూసి ఇచ్చేశాడు. నక్క మూడు గుడ్లు అక్కడే గుటుక్కున మింగి, మూతి నాక్కుని, గొంతు తగ్గించి కథ చెప్పింది.

"అమావాస్య నాడు ఒక నాగుపాము వచ్చింది. మీ పిల్లలు ముగ్గుర్ని మింగేసింది. పాము భయానికి ఊరొదిలి పారిపోయి వచ్చారు. చెల్లెమ్మా, 'మింగేసింది' అన్నచోట నువ్వు కిందపడి పొర్లాలి."

సూరమ్మ నక్కను కిందినుంచి పైదాకా చూసింది. "పాముకు భయపడి? మేమా?"

"అవును."

"మేం ముంగిసలం, తెలుసా?"

"అయితే ఏంటమ్మా? ఎలుకలకూ ఇదే ఇచ్చాను, ఉడతలకూ ఇదే ఇచ్చాను. అచ్చొచ్చిన కథ. ముంగిసకో రకం, ముళ్లపందికో రకం అల్లుతూ కూర్చుంటే నేను తినేదెప్పుడు?"

"పైగా ముగ్గురు పిల్లలూ నా పక్కనే ఉన్నారు!"

"పొదలో దాచెయ్. రేపు మీవాళ్లు పెట్టుకోవాల్సిన నుదుటి చార గురించి ఆలోచించు, ఇవాళ్టి రోషం గురించి కాదు."

పక్కకొచ్చాక సూరమ్మ మొగుణ్ని కడిగేసింది. "మా అమ్మ ఇది వింటే నిన్ను పాము కింద జమకట్టేది. సరుకు చూడకుండా ఇరవై ఇచ్చేవాణ్ని నిన్నే చూశాను. ఇక మిగిలినవి నాలుగు గుడ్లు, తినే నోళ్లు ఐదు. దీన్ని కూడా లెక్కగట్టు!"

నలభై అన్న అంకె గురవడి బుర్రలో ముల్లులా గుచ్చుకుంటోంది. నలభై కుటుంబాలు లోపలికి వెళ్తే నలభై చారలు కనబడాలి కదా?

పొద్దు వాలగానే బీడువాళ్లంతా నీళ్లు తాగడానికి కట్ట దిగారు. గురవడు ఒక రాయెక్కి లెక్కపెట్టాడు. చార ఉన్న కుటుంబాలు పద్నాలుగు. మళ్లీ పెట్టాడు. పద్నాలుగే. రెండు చేతులూ నోటిదగ్గర పెట్టుకుని అరిచాడు.

"అయ్యా, మీలో జంబన్న కథ కొన్నవాళ్లెవరు?"

అవతలి ఒడ్డు పగలబడి నవ్వింది. ఒక ముసలి తాబేలు మెడ సాచింది. "కొనడానికి మా దగ్గర ఏముంది నాయనా? వట్టి చేతులతో వచ్చాం. జరిగిందే చెప్పాం. అంతకన్నా వేరే గతి లేక."

"మరి ఆ నలభై కుటుంబాలు?"

"గండిలోంచి పంపారు."

"గండి అవతల ఏముంది?"

"తోడేళ్లున్నాయి. రోజూ వచ్చి కూర్చుంటాయి, బంతి భోజనానికి కూర్చున్నట్టు."

"అవ్వకు తెలియదా?"

"అవ్వ అటు తిరిగి నెమరువేయదు నాయనా," అని తాబేలు మెడ లోపలికి లాక్కుంది.

అప్పుడు గురవడికి లెక్క కుదిరింది. నక్క దగ్గరికి ఒక్కరూ తిరిగి రాలేదంటే, రావడానికి ఒక్కరూ మిగల్లేదన్నమాట. దానికి ఈ నక్క నూటికి నూరని పేరు పెట్టింది!

తెల్లారగానే తుమ్మచెట్టు దగ్గరికి పరుగెత్తాడు. జంబన్న గుడ్లన్నీ మూటగట్టుకుని కుంటుతూ ఎదురొచ్చింది. దాని తోక సగమే ఉంది, కొస నుంచి నెత్తురు కారుతోంది.

"ఏమైందన్నా?"

"ఏం లేదు, ముల్లు గీసుకుంది."

"ముల్లుకు పళ్లుంటాయా? అవి తోడేళ్ల కాట్లు."

నక్క చుట్టూ చూసి గొణిగింది. "కొండమీది తోడేళ్ల ఆహారాన్ని నేను బీడుకు తరలిస్తున్నానట. సాయంత్రంలోగా చంపేస్తాయట. నేనే వాగు దాటుతున్నా. జరుగు."

"అన్నా, ఆగు. నీ కథతో వెళ్లినవాళ్లెవరూ బీడులో లేరు. నేను లెక్కపెట్టాను. గండి అవతల..."

"నువ్వు లెక్కపెట్టావా? నిన్న దిగినవాడివి! నలభైమందిని పంపినవాణ్ని నేను."

"ఈ తోక చూపించు చాలు. తోడేళ్లు చంపుతామన్నాయని చెప్పు. నీకు నిజంగా జరిగింది ఉందిగా!"

"అది నాబోటివాడు చెప్పుకునేదా? తోక తెగినవాణ్నని పదిమందిలో చెప్పుకోనా? నా సరుకు సంగతి నాకు నేర్పకు," అని జంబన్న తోకను కాళ్లమధ్య దాచుకుని, వరసలో అందర్నీ తోసుకుంటూ ముందుకెళ్లి నీళ్లలోకి దూకింది.

గౌరమ్మ అవ్వ దవడ ఆడిస్తూనే ఉంది. "చెప్పు."

"అవ్వా! అమావాస్య నాడు ఒక నాగుపాము వచ్చింది. నా పిల్లలు ముగ్గుర్ని మింగేసింది!" జంబన్న నీళ్లలోనే పొర్లింది. దాని దగ్గర కొన్నవాళ్లెవరూ అంత బాగా పొర్లలేదు.

అవ్వ దవడ ఆగింది. "గుమాస్తా, ఇది ఎన్నోది?"

కొంగ ఒంటికాలు మార్చుకుంది. "నలభై ఒకటోది. ఒకే అమావాస్య, ఒకే పాము, ఇంటికి ముగ్గురు. మొత్తం నూట ఇరవై ముగ్గురు పిల్లలు. ఆ పాముకు ఇంకా ఆకలి తీరినట్టు లేదు."

కట్టమీద గేదెలన్నీ ముక్కులెగరేసి నవ్వాయి.

"అవ్వా, నా తోక..." అని జంబన్న మొదలెట్టింది.

"ఒకరికి ఒక కథే వింటాం," అంది కొంగ. "గండికి దారి అటు."

రెండు గేదెలు కొమ్ములతో నెట్టుకుంటూ తీసుకెళ్లాయి. నూటికి నూరని అరిచిన గొంతు గండిలోకి వెళ్లింది. ఆ తర్వాత కాసేపటికి అటువైపునుంచి ఒక్క కూత వినిపించి ఆగిపోయింది. గౌరమ్మ అవ్వ అటు తిరగలేదు. మళ్లీ నెమరు మొదలెట్టింది.

"తర్వాతి కుటుంబం!" అని కొంగ పిలిచింది.

సూరమ్మ పొదలోకి వెళ్లి పిల్లల్ని ముగ్గుర్నీ బయటికి తెచ్చింది, ఒక్కొక్కరి ముఖం నాకి శుభ్రం చేసింది. "అందరూ కనబడేట్టు నిలబడండి. మీరు బతికే ఉన్నారు."

"అవకాశం ఎంతుందంటావయ్యా?" అని మెల్లగా అడిగింది.

"తెలీదు సూరీ. జరిగింది చెప్పి గట్టెక్కినవాళ్లు పద్నాలుగు. జరిగింది చెప్పీ గండిపాలైనవాళ్లు ఎందరో నాకెవరూ చెప్పలేదు. తెలియని అంకె నేను చెప్పను."

"మరి మొదట ఏం చెబుతావు?"

"మా అన్న పేరు," అన్నాడు గురవడు. నాలుగు గుడ్ల మూట ఆమె చేతికిచ్చి, చన్నీళ్లలో పెట్టడానికి ముందుకాలు ఎత్తాడు.

తిరిగి రానివాళ్లందర్నీ గెలిచినవాళ్లలో కలిపి లెక్కగట్టేవాడు, ఏదో ఒకనాడు తానూ ఆ లెక్కలోనే కలుస్తాడు.