పూజపీట మీది చాకు

అడవికి ఏ కత్తి తీసుకెళ్ళాలన్నది మద్దిలేటిని నెల్లాళ్ళుగా తొలుస్తున్న ప్రశ్న. అతను నల్లమల అంచున మూలికా వైద్యం చేసే ఓబుళయ్యకు శిష్యుడు. దసరా వెళ్ళగానే మొదటిసారి ఒంటరిగా అడవికి పోయి, వేర్లూ పట్టలూ సేకరిస్తూ కొన్ని వారాలు అక్కడే ఉండాలి. ఓబుళయ్య దగ్గర మూడు కత్తులున్నాయి. పొదలు నరికే పొడుగాటిదొకటి. వేర్లు తవ్వడానికీ కట్టెలు చీల్చడానికీ పనికొచ్చే మందపాటిది ఇంకొకటి. మూడోది మొలలో ఇమిడిపోయే మడత చాకు. వాటిలో ఒకటి నీకిస్తానని ఆయనే అన్నాడు. పొడుగుది మోయడానికి బరువు, చాకు కట్టెలకు చాలదు, మందపాటిదాంతో పండు కోసుకునేదెలా? ఆలోచించడంలో మద్దిలేటికి సాటి లేరు. తేల్చుకోవడంలోనే వచ్చింది చిక్కంతా.

"సామీ, యా కత్తి తీసకపొమ్మంటారు?" అని అడిగినప్పుడల్లా ఓబుళయ్య మందు నూరుతూనే, "పండగ కానీ నాయనా," అనేవాడు.

ఆయుధపూజ నాడు మద్దిలేటి మూడు కత్తుల్నీ ఇటుకపొడితో తోమి, నూనె రాసి, పసుపు కుంకుమలు పెట్టి, పీట మీద పేర్చాడు. ఆ పీట వెనక, చేతుల నిండా ఆయుధాలతో సింహమెక్కిన అమ్మవారి పటం. దానికీ అతనే దండ వేసి బొట్టు పెట్టాడు. ఆ రోజు పనిముట్లకు విశ్రాంతి. మర్నాటి పొద్దు దాకా వాటిని ముట్టకూడదని ఆ ఊరి కట్టుబాటు.

మధ్యాహ్నం పక్కింటి సుంకులమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది. "గట్టు కూలిపాయ సామీ! నా ఆవు పలుపుకు ఏలాడతాండాది. సచ్చిపోతాది!" మొగుడు పోయాక ఆమె ఇద్దరు పిల్లల్ని సాకుతున్నది ఆ ఒక్క ఆవు పాలతోనే. మద్దిలేటి వెంటనే పరుగెత్తాడు. మంచి మనసే, ఎవరూ కాదనరు. పూజపీట పక్కనుంచే పోయాడు గానీ దాని మీదికి చెయ్యి మాత్రం చాపలేదు.

ఆవును కట్టింది వాగు మీదికి వాలిన కానుగ చెట్టుకి. వానలకు నానిన గట్టు ఆవు కాళ్ళ కింద విరిగిపడింది. మెడకు తాడు బిగుసుకుని, వెనక కాళ్ళు ఇసుకకు అందీ అందక కొట్టుకుంటున్నాయి. మద్దిలేటి వాలిన మాను మీద బోర్లా పడుకుని ముడి విప్పబోయాడు. తడిసిన తాడు, పైగా ఆవు బరువు. గోళ్ళు విరిగాయి. పళ్ళతో కొరికినా ముడి కదల్లేదు.

"కొయ్యి నాయనా, కోసెయ్!" అని సుంకులమ్మ అరిచింది.

"ఈ పొద్దు కత్తి ముట్టగూడదు కదక్కా!" అన్నాడు ఏడుపు గొంతుతో. పాపం, అతనికి జాలి లేక కాదు. అమ్మవారంటే భయం, అంతే.

అప్పటికి ఓబుళయ్య మోకాళ్ళు పట్టుకుని గట్టు దాకా చేరాడు. మాను ఎక్కే వయసు కాదాయనది. కుంకుమ బొట్టు చెరగని మడత చాకును, పిడి ముందుకు పెట్టి శిష్యుడి వైపు చాచాడు. మద్దిలేటి అంత ఆపదలోనూ అలవాటు మానలేదు. "మాను మీద పెట్టండి సామీ, తీసుకుంటా," అన్నాడు. కత్తి ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతే ఇద్దరికీ తగువొస్తుందని వాళ్ళ నమ్మకం.

"తగువు రేపు పడదాం లేరా. ముందు పట్టుకో!"

తాడు తెగింది. ఆవు దబ్బున ఇసుకలో పడింది. సుంకులమ్మ దిగి మెడ ఉచ్చు సడలించింది. ఎంతసేపటికీ అది కదల్లేదు. ఆఖరికి ఒక్క దగ్గు దగ్గి, పెద్దగా ఊపిరి తీసుకుని, తడబడుతూ లేచి నిలబడింది. సుంకులమ్మ దాని మెడ వాటేసుకుని భోరుమంది. మద్దిలేటికీ కన్నీళ్ళాగలేదు.

సాయంత్రం చాకును తిరిగి పీట మీద పెట్టబోతూ అతను ఆగిపోయాడు. కుంకుమ చెదిరింది. అంచుకు తాడు పీచు అంటుకుని ఉంది.

"అపచారం జరిగిపాయ కదా సామీ. మళ్ళా కడిగి బొట్టు పెట్టాల్నా?" అన్నాడు. మళ్ళీ తనే, "యా కత్తి తీసకపోవాల్నో ఇంకా చెప్పనేలేదు మీరు," అన్నాడు.

ఓబుళయ్య అతని చెయ్యి దగ్గరికి తీసుకుని, విరిగిన గోళ్ళకు ఆకుపసరు రాస్తూ పటం వైపు తల ఎత్తాడు.

"పొద్దున బొట్టు పెట్టినావే, ఆయమ్మ చేతులు చూసినావా? పండగ కదా అని, ఒక్కటన్నా కింద పెట్టిందేమో చూడు."