ఉప్పు మీద అసిరమ్మ ఫిర్యాదు

అనగనగా సముద్రపు గాలి ఒక్క పూటైనా ఊరుకోని రాజ్యం ఒకటి. పేరు ముత్యాలరేవు, రాజు ధవళకేతు. ఆ రాజుగారికంటే పేరున్నది ఆయన వంటశాల. వంటశాలకంటే పేరున్నది అందులో గరిటె తిప్పే అసిరమ్మ. ఆమె పులుసు పెట్టిన రోజు రేవులో ఓడలు కూడా ఒక పూట ఆగి వెళ్లేవట!

అసిరమ్మకు అడ్డపొగ అలవాటు. అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. గాలికి చుట్ట ఆరదు, బూడిద కూరలో రాలదు, రెండు చేతులూ ఖాళీ.

"ఇంత మంచి అలవాటు ఇంకోటి సూపించు" అనేది వంటింటి పిల్లితో.

"మంచి సంగతి నాకు తెలీదప్పా, తుమ్ములు మాత్రం ఆగడం లేదు" అనేది పిల్లి. ఆ ఊళ్లో అక్కను అప్ప అంటారు, అసిరమ్మ అందరికీ అప్పే.

ఏళ్లు గడిచాయి. ఒకనాడు పప్పు ఉప్పుకషాయమైంది. "కుండ మంచిది కాదు" అంది అసిరమ్మ. కుండ మార్చారు. మరోనాడు పులుసు ఎవరూ నోట పెట్టలేకపోయారు. "బావి నీళ్లు మారాయి" అంది. బావి మార్చారు. మూడోనాడు మజ్జిగ తాగిన రాజుగారు గుక్క తిప్పుకోలేకపోయారు. ఇక నింద వేయడానికి ఉప్పు ఒక్కటే మిగిలింది.

"ఉప్పులో ఏదో మందు కలిపినాడు బాబూ! నాలిక్కి తెల్దు, గొంతులో మండుతాది" అంది.

ఉప్పు తెచ్చే ఎర్రయ్యను సభకు పిలిపించారు. "కల్తీ నిజమైతే పొద్దుగూకేలోగా రాజ్యం దాటాలి" అన్నాడు రాజు.

ఎర్రయ్య చేతులు జోడించాడు. "బాబూ, తాతల నాటి నుంచి ఆ ఉప్పుమడులే మాకు కూడెడతన్నాయి. మూడు గిన్నెల నీళ్లిప్పించండి. ఒకదాన్లో నా ఉప్పు, ఒకదాన్లో పటికబెల్లం, ఒకదాన్లో ఏటీ వద్దు. ఏది ఏదో అప్పే సెప్పాల."

అసిరమ్మ మొదటి గిన్నె రుచి చూసింది. చప్పగా ఉంది. రెండోది చూసింది. అదీ చప్పనే. మూడోదీ అంతే! ఏదో ఒకటి అనేసి తప్పించుకోవచ్చు. కానీ ఎదురుగా ఎర్రయ్య కాళ్లు, ఉప్పునీళ్లలో నాని పగిలిన కాళ్లు, కనిపించాయి. ఆమెకు సిగ్గేసింది.

"బాబూ, మూడూ నాకొక్కలాగే ఉన్నాయి. పటికబెల్లానికి కూడా మందెట్టినాడని ఎలాగంటాను? ఉప్పు మంచిదే. సెడింది నా నోరు. రుచి తెలక ఉప్పు ఎక్కువేసింది నేనే."

రాజవైద్యుడు ఆమె నోరు తెరిపించి చూశాడు. "అంగిలి సున్నం కొట్టినట్టు తెల్లబడింది తల్లీ. ఇప్పటికి రుచి పోయింది. తర్వాత పడేది మానని పుండు. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు. ఆ అడ్డపొగ ఇవాళే వదిలేస్తే తగ్గే ఆశ ఉంది."

అసిరమ్మ చుట్టలకట్ట తీసి ఎర్రయ్య చేతిలో పెట్టింది. "తమ్ముడూ, నన్ను మన్నించు. ఇయి పాతెయ్."

రుచి తిరిగొచ్చేదాకా గరిటె గోడకు వేలాడింది. మొదటి వారం ఆమె జీలకర్ర నములుతూ కనబడిన వాళ్లందరితో పోట్లాడింది. రెండో వారం దగ్గింది, ఏడ్చింది, అయినా చుట్ట ముట్టలేదు. మూడో వారం ఓ మధ్యాహ్నం మజ్జిగ గుక్కెడు తాగి కెవ్వుమంది.

"ఇంతుప్పు ఏసిందెవర్రా ఇందులో!"

వంటవాళ్లు చేతిలో పని వదిలి ఆమె చుట్టూ మూగారు.

"రోజూ వేసే ఉప్పే అప్పా" అంది పిల్లి.

అంతే! వంటవాళ్లు గిన్నెలు మోగించారు. రాజుగారు చెప్పులు మరిచి పరుగెత్తుకొచ్చారు. అసిరమ్మ కళ్లు తుడుచుకుంటూ ఆ మజ్జిగంతా తాగేసింది. ఆ సాయంత్రమే గరిటె దింపి పులుసు పెట్టింది. మొదటి ముద్ద ఎర్రయ్యకు పెట్టింది, రెండోది రాజుగారికి. మూడోది పిల్లికి. పిల్లి తుమ్మకుండా తింది.

పొగ ముందు నోటి రుచిని దోస్తుంది, ఆనక ప్రాణం మీదికి వస్తుంది. తప్పు తనదని ఒప్పుకుని ఇవాళే దాన్ని వదిలినవారికి రెండూ దక్కుతాయి.