పేరిందేవమ్మ తగ్గించిన ఖర్చు

పేరిందేవమ్మ పూటకూళ్ళ ఇల్లు మూతపడే స్థితికి వచ్చింది. కట్టెలు పొదుపు చేసింది, మజ్జిగ పలచన చేసింది. తగ్గనిది ఠాణేదారు గవర్రాజు భోజనం ఒక్కటే. బాటసారుల క్షేమం కోసం ప్రతి వంటకాన్నీ ముందు ఠాణేదారు రుచి చూడాలని రాజాజ్ఞ. ఆయన రోజూ విస్తరి నిండా రుచి చూసేవాడు, నెయ్యితో సహా.

ఒకనాడు ఆమె ఆయనకు పుట్టగొడుగుల కూర వడ్డించింది.

"మిగతావాళ్ళకి వెయ్యవేం?" అన్నాడు ముద్ద కలుపుతూ.

"ఇవి తినదగ్గవో కావో నాకు తెలీదు బాబుగారూ. సాయంత్రం దాకా తమరు కులాసాగా ఉంటే వాళ్ళకీ వేస్తాను. రాజుగారు తమర్ని పెట్టింది అందుకేగా."

ముద్ద విస్తట్లోనే ఆగిపోయింది.

"రేపేం వండుతున్నావు?"

"ఎవరో అడివి దుంపలు తెస్తామన్నారండి. పేరు వాళ్ళకీ తెలీదట."

గవర్రాజు చెయ్యి కడిగేసుకున్నాడు. మర్నాటినుంచి వీధి గుమ్మంలోనే నిలబడి, వాసన చూసి, దివ్యంగా ఉందని చెప్పి వెళ్ళిపోయేవాడు.