ఒట్టిచేతులమ్మ గుట్ట

ఒట్టిచేతులమ్మ గుడికి కొబ్బరికాయ తేకూడదు, పూలూ తేకూడదు. గుట్ట కింద ఒక గులకరాయి ఏరుకుని, గుప్పిట బిగించి మెట్లెక్కాలి. గర్భగుడిలో విగ్రహం లేదు. రెండు అరచేతుల గుర్తులున్న బండ ఉంది. కొత్తవాళ్లు ఇదేం దేవతమ్మా అని అనుమానంగా చూస్తారు. చూడనివ్వండి, అనుమానానికీ ఇక్కడ చోటుంది.

పూర్వం ఈ గుట్ట కింద ఓబులక్క అనే గొర్రెలకాపరి ఇల్లాలు ఉండేది. వాగులో కొట్టుకుపోతున్న గొర్రెను బయటికి లాగిన నాటి నుంచి ఆమె కుడిచెయ్యి పైకి లేవలేదు. పసరు కట్టు కట్టినా, వాత పెట్టినా లేవలేదు. చంటిబిడ్డను ఎత్తుకోవడానికి కూడా లేకపోయింది.

"పున్నమి దాటితే పిల్లను నీ తోడికోడలికి ఇచ్చేస్తాం. దానికి రెండు చేతులూ ఆడతాయి" అని అత్త తేల్చి చెప్పింది.

ఆ రోజుల్లోనే ఎక్కడినుంచో ఒక ముసలామె వచ్చి గుట్టమీద ఉంటోంది. ఒంటిమీద చెయ్యి వేసి నొప్పులు తీస్తుందట, ఏమీ పుచ్చుకోదట. ఊరికి అదే మింగుడుపడలేదు. ఏమీ అడగని మనిషి ఏం పట్టుకుపోతుందో ఎవరికి తెలుసు? మంత్రగత్తె కాదు గదా! ఓబులక్కకూ అదే అనుమానం. అయినా బిడ్డ కోసం కదిలింది. కదిలిందన్నమాటే గాని, కొంగుచాటున కొడవలి దాచి, కుడిచేత్తో పిడి గట్టిగా పట్టుకునే వెళ్లింది.

ముసలామె ఆమెను బండమీద కూర్చోబెట్టి, భుజంమీద అరచెయ్యి ఆనించింది. నొక్కలేదు, రుద్దలేదు, మంత్రమూ చదవలేదు.

"ఏమీ చెయ్యవేం?" అంది ఓబులక్క.

"కళ్లు మూసుకుని నీ ఒంట్లోకి నువ్వే చూసుకో తల్లీ. ఎక్కడ బిగబట్టావు?"

"నేనేం బిగబట్టలేదు."

"మరి ఆ పళ్లు?"

చూసుకుంటే నిజమే, దవడ రాయిలా ఉంది. వదిలింది. ఊపిరి సగంలో ఆగి ఉంది. భుజం చెవిదాకా ఎక్కి ఉంది. గొర్రె ఏనాడో ఒడ్డెక్కినా తన ఒళ్లు మాత్రం దాన్ని ఇంకా లాగుతూనే ఉందని ఆ వెచ్చటి చెయ్యి కింద ఓబులక్కకు తెలిసివచ్చింది.

"ఆ కొడవలి కూడా దింపమ్మా. నన్ను నరకాలన్నా ముందు చెయ్యి లేవాలి గదా!" అంది ముసలామె.

ఓబులక్కకు సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పిడి జారిపోయింది. ఖాళీ అయిన ఆ చెయ్యి మెల్లమెల్లగా తల దాటి లేచింది.

ఇంటికి రాగానే ఆమె బిడ్డను ఎత్తుకుంటే అత్త కళ్లు చిన్నవి చేసి చూసింది. "ఆ ముసలిదానికేం ఇచ్చొచ్చావే?"

"ఏమీ లేదత్తా. కొడవలి మరిచొచ్చాను."

మర్నాడు బిడ్డను చంకనేసుకుని కొడవలి కోసం వెళితే ముసలామె లేదు. బండమీద రెండు అరచేతుల గుర్తులు పడి ఉన్నాయి. వాటి మధ్య కొడవలి భద్రంగా ఉంది.

నేటికీ ఓబులక్క వంశపు ఆడవాళ్లే ఇక్కడ పూజ చేస్తారు. వచ్చినవారి భుజంమీద చెయ్యి ఆనించి, "ఎక్కడ బిగబట్టావు తల్లీ?" అని అడిగి ఊరుకుంటారు. ఎవరి బిగువు వారికి తెలిసినప్పుడు గుప్పిట తెరిచి రాయి వదలాలి. ఎముక విరిగినవాళ్లను మాత్రం ముందు కట్టు కట్టించుకుని రమ్మంటారు. నమ్మకం లేదని చెప్పినవారికే మొదటి తీర్థం. చంటిబిడ్డల తల్లులు గుట్ట దిగేముందు బిడ్డను కుడిచేత్తోనే ఎత్తుకుంటారు.