నీరు నిలబెట్టిన అసిరమ్మ

నేను చెబుతాను, మీరు ఊఁ కొట్టండి. ఊఁ కొట్టనివాళ్లకి కథ సగమే వినిపిస్తుంది, తర్వాత నన్నడిగి లాభం లేదు.

ఎప్పుడో ముత్తాతల ముత్తాతల నాడు, గుల్లపాడులో అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఉన్నవల్లా ఒక పాక, మూడు గేదెలు. ఊరంతా ఇసుక నేల. ఊరందరికీ ఒకటే బావి.

ఊరి పెద్ద సూర్నాయుడు. ఆయన భార్య చిట్టెమ్మ పెరట్లో తామరపూలు కావాలంది. నాయుడు కొలను తవ్వించాడు. బావి తోడించి నీళ్లు పోయించాడు. పొద్దున పోస్తే సాయంత్రానికి చుక్క లేదు.

"అడుగున సున్నం వెయ్యండి" అన్నాడు నాయుడు. వేశారు. ఎండకి సున్నం బీటలు తీసింది. పొద్దున పోస్తే సాయంత్రానికి చుక్క లేదు.

"రాతి పలకలు పరవండి" అన్నాడు. పరిచారు. నీళ్లు సందులు వెతుక్కుని జారుకున్నాయి. పొద్దున పోస్తే సాయంత్రానికి చుక్క లేదు.

"అయితే రాగిరేకులు!" అన్నాడు. నీళ్లు నిలిచాయి. నాయుడు మీసం మెలేసి చేపలు కూడా వదిలాడు. మిట్టమధ్యాహ్నం రేకులు కాలిపోయి చేపలు పులుసైపోయాయి. ఉప్పూ కారం ఒక్కటే తక్కువ. ఆ వేడికి అతుకులూ విడిపోయాయి. సాయంత్రానికి మళ్లీ చుక్క లేదు.

ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్లు మండుతుంది. పూల కోసం ఊరి బావి తోడేస్తారా ఎవరైనా? అందులో ఇక ఒక్కసారి కొలను నింపడానికే నీళ్లున్నాయి. అవీ ఇంకిపోతే అసిరమ్మ గేదెల్ని తోలుకుని ఊరు వదిలిపోవాల్సిందే.

అసిరమ్మ నాయుడింటికి వెళ్లింది.

"బాబూ, నా పాక ఎనకాల గేదెలు పొర్లే గొయ్యుంది. పల్లంలో జిగట మన్ను తెచ్చి ఏసుకున్నాను, గేదెలు తొక్కీసాయి. కార్తీకంలో పడ్డ వాన నీరు ఇంకా ఉంది. ఒక్కపాలి సూసెల్లండి."

"గేదెల గొయ్యా? నేనా?" అని నాయుడు నవ్వాడు. చిట్టెమ్మ మాత్రం అప్పటికే బయల్దేరింది. చేసేది లేక ఆయనా వెళ్లాడు. గోతి అంచున కాలు పెట్టాడో లేదో, దిగబడిపోయింది. లాగితే కాలొచ్చింది, చెప్పు రాలేదు.

"మీ సెప్పునే వదల్లేదు బాబూ, నీటినేటి వదుల్తాది?" అంది అసిరమ్మ.

చిట్టెమ్మ పకపకా నవ్వింది. నాయుడు ఒంటి చెప్పుతో ఇంటిదారి పడుతూ "సరే, తొక్కించు" అన్నాడు.

రేకులు పీకించి, పల్లంలోని మన్ను తెప్పించి, కొలనులో జానెడు మందాన పరిచారు. తడపడానికి బావి ముట్టుకోనివ్వలేదు అసిరమ్మ. తన గోతిలో నీళ్లే తోడిచ్చింది. మొదటి రోజు గేదెలు తొక్కాయి. రెండో రోజూ తొక్కాయి. మూడో రోజు ఆ చల్లదనం నచ్చి హాయిగా పడుకున్నాయి. అదిలించినా లేవవే! అసిరమ్మ చీర ఎగ్గట్టి తనే దిగింది. ఆవిణ్ని చూసి చిట్టెమ్మ దిగింది. భార్యని చూసి నాయుడూ దిగాడు.

"గోడ మెత్తినట్టే కదా, రెండు రోజులు ఆరనిద్దాం" అన్నాడు కొలను కట్టిన మేస్త్రీ.

"ఆరితే పగుల్తాది నాయనా! తడి మీదే నీరెట్టాలి" అంది అసిరమ్మ.

బావిలో ఉన్న ఆ కాస్తా పోశారు. అసిరమ్మ కొలనులో గీతలు పెట్టిన కర్ర పాతి గట్టున కూర్చుంది. మొదటి సాయంత్రం నీళ్లు ఉన్నాయి. రెండో సాయంత్రం ఉన్నాయి. మూడో సాయంత్రం నాయుడే వంగి గీతలు చూశాడు. ఎండ తాగింది వేలెడు, నేల తాగింది లేదు. ఆయన బావి తాడు తెచ్చి అసిరమ్మ చేతిలో పెట్టాడు.

"ఇక నీ మాట లేకుండా నేను చేద వెయ్యను" అన్నాడు. బావి మెల్లగా ఊరింది. ఆవిడ బతికినంతకాలం ఎండలేదు.

అసిరమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ లెక్క తెలియదు. ఇప్పుడు పెరటి కుంటలకి నల్ల ప్లాస్టిక్ పట్టాలు కొనుక్కొస్తున్నారు. వేసుకోనివ్వండి, నాకేం! ఆ పట్టా పరిచేముందు కూడా ఇంటిల్లిపాదీ చెప్పులు విడిచి గోతిలో దిగుతారు. "నిలబెట్టు అసిరమ్మా" అంటూ మూడు చుట్లు తొక్కుతారు. ఇక మా వైపు ఎవరి కుంటలోనైనా ఊరి గేదె దిగి పడుకుంటే కర్ర తియ్యరు.

"అసిరమ్మ పంపింది, పనెలా ఉందో చూసి వెళ్తుందిలే" అంటారు.