వెళ్ళి రమ్మనని అతిథులు

ఏమర్రా, ఒక మాట అడుగుతాను, ఆలోచించి చెప్పండి. చుట్టాన్ని ఇంటికి రమ్మని పిలిచింది మనం. ఆయన వచ్చాడు, కూర్చున్నాడు, భోంచేశాడు. ఇక "వెళ్ళి రండి" అని ఎవరు చెప్పాలి?

మనమే. సరిగ్గా చెప్పారు. మరి ఆ మాట చెప్పకుండా వీధి తలుపు గడియ పెట్టేసి కూర్చుంటే, ఆయన్ని గౌరవించినట్టా, బంధించినట్టా?

జవాబు ఇప్పుడే వద్దు. మీరు చేసిన మట్టి వినాయకుణ్ణి నీళ్ళలో కలపొద్దని పొద్దుటినుంచి ముగ్గురూ మొహాలు ముడుచుకుని కూర్చున్నారు కదా. పెరట్లో కుళాయి కింద బకెట్ పెట్టి వచ్చాను. ధార సన్నంగా ఉంది. అది నిండేలోపు ఒక కథ చెబుతాను.

ఏటి మలుపు దగ్గర ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రాజు మణిధవళుడు. చెడ్డవాడు కాడు. కానీ తాను ఏది చేసినా అందరికంటే గొప్పగా ఉండాలి, దాని మీద తన పేరుండాలి. ఆఖరికి భక్తి అయినా సరే.

ఆ రాజ్యంలో పార్థివ లింగ పూజ అని ఒక ఆచారం. ఇది కాస్త శ్రద్ధగా వినండి. పొద్దున్నే ఏటి ఒడ్డు మట్టితో చిన్న శివలింగం చేస్తారు. అందులోకి స్వామిని రమ్మని పిలుస్తారు. దాన్ని ఆవాహన అంటారు. నీళ్ళు పోసి, పూలు పెట్టి, ఓ బెల్లంముక్క నైవేద్యం పెడతారు. సాయంత్రం కాగానే "వెళ్ళి మళ్ళీ రా తండ్రీ" అని సాగనంపుతారు. అది ఉద్వాసన. తర్వాత ఆ మట్టిని తీసుకెళ్ళి ఏట్లో కలిపేస్తారు. పొద్దున అంత ప్రేమగా చేసుకున్నదాన్ని సాయంత్రం చేతులారా వదిలిపెట్టాలన్నమాట. రోజూ చేస్తూ పోతే చెయ్యి వదలడం కూడా నేర్చుకుంటుంది. మాయ నుంచి బయటపడడానికి పెద్దలు పెట్టిన సాధన అది.

మణిధవళుడు మూడేళ్ళుగా ఆ సాధనలో సగమే చేస్తున్నాడు. చెయ్యడం ఉంది, కలపడం లేదు.

ఆయన భార్య చెంగల్వ రాణి పోయిన దగ్గరినుంచి మొదలైంది ఇది. పూటకు పదకొండు లింగాలు చేసేవాడు. ప్రతిదాని అడుగునా తన రాజముద్ర ఒత్తేవాడు. ఒక్కోదానికి ఒక చెక్కపీట, పీట మీద ఒక పట్టుగొడుగు. ముందు పూజామందిరం నిండింది. తర్వాత నాట్యశాల నిండింది. ఆ తర్వాత ఏనుగుల్ని ఎండలో కట్టేసి వాటి శాలలో కూడా పెట్టించాడు. సోమయాజి అనే ఆస్థాన పండితుడు ఇదంతా చూసి, "ఇంతటి సాధకుణ్ణి మాయ తాకనైనా తాకదు" అంటూ 'మాయాజేత' అనే బిరుదు ఇచ్చాడు. రాజు దాన్ని బంగారు రేకు మీద చెక్కించి సింహాసనానికి కొట్టించాడు.

ఇక చోటు చాలక, కుమ్మరి వీధిని మూడు రోజుల్లో ఖాళీ చేయాలని దండోరా వేయించాడు.

కొండుభట్టు అప్పుడు తన దొడ్లో ఉన్నాడు. ఆయన ఆస్థానంలో హాస్యం చెప్పే బ్రాహ్మడు, వయసు మళ్ళినవాడు. పొట్లకాయలు వంకర పోకుండా వాటి చివర్లకు రాళ్ళు కడుతున్నాడు. కుమ్మరి సూరమ్మ దడి అవతల నిలబడి దగ్గింది.

"సామీ, ఎల్లుండి ఆవం పెట్టి కాల్చాలి. పచ్చి కుండలన్నీ ఇళ్ళలో ఆరుతున్నాయి. ఇప్పుడు కదిలిస్తే ఒక్కటీ నిలవదు. ఏడాది తిండి సామీ అది."

"రాజుగారితో చెప్పుకోలేకపోయావా?"

"చెప్పాను. మట్టి మీద మమకారం పెంచుకోకూడదు, అదంతా మాయ అన్నారు."

కొండుభట్టు చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. "ఇది నువ్వు అల్లిన హాస్యం కాదు కదా?"

"నాకెక్కడ వస్తుంది సామీ హాస్యం. అది మీ వృత్తి."

"వృత్తే. మూడేళ్ళుగా ఒక్క కొనుగోలుదారుడూ రాలేదు."

నిజమే. రాణి పోయాక రాజు నవ్వలేదు. కొండుభట్టు కూడా పొడుగు కథ ఏదీ ఎత్తుకోలేదు. ఎందుకో ఆయనకు తెలుసు.

రాణి రోజూ ఒకే ఒక్క లింగం చేసుకునేది. మట్టి సూరమ్మే ఇచ్చేది. ఒకనాడు సాయంత్రం ఏటికి ఇద్దరం కలిసి వెళ్దామని రాజును పిలిపించింది. సభలో కొండుభట్టు కథ చెబుతున్నాడు. "ఈ కథ కానివ్వండి, వస్తాను" అన్నాడు రాజు. దాసి మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే మాట. మూడోసారి వచ్చేసరికి చీకటి పడింది. లింగం ఉన్న పీట చేత్తో పట్టుకుని మెట్ల దగ్గర అంతసేపూ నిలబడిన రాణి వెనక్కి వెళ్ళిపోయింది. మర్నాడు జ్వరం. నాలుగోనాటికి ఆవిడ లేదు.

ఆ సాయంత్రం సభలో నవ్విన నవ్వుల చప్పుడు కొండుభట్టు చెవుల్లోంచి పోలేదు. అందుకే రాజు ఎదుట మళ్ళీ నోరు విప్పాలంటే ఆయన జంకాడు. అయినా ఉత్తరీయం వేసుకున్నాడు.

సభలో రాజు భోజనానికి లేవబోతున్నాడు. కొండుభట్టు అడ్డంగా నిలబడి నమస్కారం చేశాడు.

"ప్రభువులు మన్నించాలి. ఒక ఫిర్యాదు. తమ ఇంటికి వచ్చిన అతిథులు పస్తులున్నారు."

"నా ఇంట్లోనా? ఎవరోయ్ వాళ్ళు?"

"ఏనుగుల శాలలో కొందరు, నాట్యశాలలో కొందరు. మూడేళ్ళ కిందట వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వచ్చిననాడు ఓ బెల్లంముక్క పెట్టారు. అంతే."

రాజు ముఖం ముడిచాడు. "వేళాకోళమా?"

"సోమయాజిగారు ఉన్నారుగా, ఆయన్నే అడుగుదాం. అయ్యా, ఆవాహన చేస్తే స్వామి వచ్చినట్టేనా?"

"సందేహమేముంది?" అన్నాడు సోమయాజి.

"ఉద్వాసన చెప్పకపోతే?"

"ఉన్నట్టే."

"పిలిచిన అతిథి ఇంట్లో పస్తుండగా గృహస్థు ముందు తినవచ్చునా?"

కొండుభట్టు మాట ఎటు లాగుతున్నాడో సోమయాజికి అప్పటికి అర్థమైంది. కానీ సభ నిండా మనుషులు. "తినరాదు" అన్నాడు నెమ్మదిగా.

మణిధవళుడు వెనక్కి తగ్గే మనిషి కాడు. "పస్తుంటే నేనే పెడతాను. అందరికీ పెట్టాకే నేను మెతుకు ముడతాను" అని బెల్లం బుట్ట తెమ్మన్నాడు.

సోమయాజి గొంతు తగ్గించి, "ప్రభూ, పళ్ళెం ఒక్కటే పట్టి అందరికీ కలిపి చూపిస్తే సరి" అన్నాడు.

"అలాగే కానివ్వండి" అన్నాడు కొండుభట్టు. "రేపు మీ ఇంటికి వేర్వేరు రోజుల్లో పిలిచిన వియ్యంకుల్ని కూడా ఒకే ఆకు ముందు కూర్చోబెట్టండి. వాళ్ళేమంటారో వచ్చి చెప్పండి."

"పోనీ, నా బదులు సోమయాజి పెడతాడు" అన్నాడు రాజు.

"అడుగున ముద్ర ఎవరిది ప్రభూ? ఆయనది ఉంటే ఆయనే పెడతాడు."

దాంతో ఆ మాటా అయిపోయింది. రాజు వంగడం, బెల్లంముక్క పెట్టడం, దణ్ణం పెట్టడం, లేవడం. చీకటి పడేవేళకు ఏనుగుల శాలలో రెండు వరుసలు అయ్యాయి. మర్నాడు మధ్యాహ్నానికి ఇంకో మూడు. పట్టుగొడుగు కర్ర పట్టుకుని నేల మీదే కూలబడ్డాడు మాయాజేత. చేతులకు బెల్లం, దాని చుట్టూ చీమలు.

"కొండుభట్టూ, వీళ్ళు వెళ్ళరా?"

"తమరు చెప్పందే ఎలా వెళ్తారు? మర్యాదస్తులు ప్రభూ. వీధి తలుపు తమరే గడియ పెట్టారు."

రాజు చేతుల మీది చీమల్ని దులుపుకున్నాడు. తర్వాత లేచి, మొదటి లింగాన్ని పీటతో సహా చేతుల్లోకి తీసుకుని, "వెళ్ళి మళ్ళీ రా తండ్రీ" అన్నాడు. మూడేళ్ళుగా అనని మాట అది.

ఆ సాయంత్రం కుమ్మరులంతా గంపలతో వచ్చారు. రాజు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఒక్కోదాన్నీ తనే కలిపాడు. సూరమ్మ పక్కన నిలబడి అందించింది. అడుగు ముందుగా తడుస్తుంది కదా, రాజముద్రే మొదట కరిగిపోయింది. అన్నీ కలపడానికి నెల రోజులు పట్టింది. దండోరా మాత్రం ఆ సాయంత్రమే రద్దయింది. ఆవం పొగ ఆకాశానికి లేచింది.

ఇక్కడితో కథ అయిపోవాలి, రాజు నవ్వాలి, బహుమానం ఇవ్వాలి. కానీ మణిధవళుడు నవ్వలేదు.

"అందరూ వెళ్ళినట్టేనా ప్రభూ?" అని అడిగాడు కొండుభట్టు. ఊరికే అడిగాడు.

రాజు ఆయన్ని రాణి గదికి తీసుకెళ్ళాడు. గూట్లో చిన్న పీట. దాని మీద బొటనవేలంత లింగం, బీటలు వారి ఉంది. ముద్ర లేదు. ఒక పక్కన మాత్రం ఆడమనిషి బొటనవేలి గుర్తు స్పష్టంగా ఉంది.

"దీని అడుగున నా ముద్ర లేదు" అన్నాడు రాజు. "ఇది ఆవిడ పిలిచిన అతిథి. ఎవరి అతిథిని వాళ్ళే సాగనంపాలని నువ్వే కదా చెప్పావు. ఇప్పుడు చెప్పు, దీన్ని నేనెలా పంపను?"

  జీవితంలో మొదటిసారి కొండుభట్టు ఓడిపోయాడు, అదీ తన మాటతోనే. ఆ వేలిగుర్తు వంక చూస్తే ఇక దాచడం కూడా చేతకాలేదు.

"ప్రభూ, ఆ రోజు దాసి రెండోసారి వచ్చేటప్పటికే నా కథ అయిపోయింది. అందరూ నవ్వుతున్నారు కదా అని ఇంకో మలుపు తగిలించాను. దాని తోకకు మరొకటి. తప్పు నాది."

రాజు గూటి వైపే చూస్తున్నాడు. "నాకు తెలుసు కొండుభట్టూ. కథ అయిపోయిందని తెలిసే నేను 'తర్వాత?' అన్నాను."

ఇద్దరూ ఆ గడప మీద కూర్చున్నారు.

రాజు అడిగాడు. "ఇంతకీ ఆ కథ ఏమిటి? ఎంత తలచుకున్నా గుర్తు రాదు."

"నాకూ గుర్తు లేదు ప్రభూ."

అప్పుడు రాజుకు నవ్వొచ్చింది. అంతసేపు ఆవిణ్ణి నిలబెట్టిన కథ ఏమిటో చెప్పినవాడికీ తెలియదు, విన్నవాడికీ తెలియదు. నవ్వు కళ్ళలోకి నీళ్ళు తెచ్చేదాకా ఆగలేదు. కొండుభట్టు తల దించుకున్నాడు.

ఖాళీ గంపల కోసం వచ్చిన సూరమ్మ గుమ్మం బయటే ఆగింది. లోపలి మాటలన్నీ వినబడ్డాయి ఆవిడకు.

"దొరా, తప్పుగా అనుకోకపోతే ఒక మాట. ఆ రోజు పీట పట్టుకుని అమ్మగారు వెనక్కి వెళ్తూ మెట్ల దగ్గర నాకు ఎదురయ్యారు. ఏమ్మా కలపలేదా అన్నాను. 'ఇద్దరం కలిసి పంపుదామనుకున్నాం సూరమ్మా, రేపు వస్తాం' అన్నారు. కోపంగా లేరు దొరా. ఇద్దరి అతిథి అనే చెప్పారు. ఒకరు పోయారు. రెండో మనిషి పంపక ఇంకెవరు పంపుతారు?"

రాజు ఆవిడ వంక చూశాడు. "మూడేళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా?"

"అడగలేదు కదా దొరా. మీ కోటలో అందరూ చెప్పేవాళ్ళే, మాలాంటివాళ్ళను అడిగేవాళ్ళు లేరు."

ఆ పూటే ముగ్గురూ ఏటికి వెళ్ళారు. వేలిగుర్తు ఉన్న వైపు రాజు తన బొటనవేలు ఒకసారి ఆనించాడు, ఆ తర్వాత లింగాన్ని నీళ్ళలోకి దించాడు. "వెళ్ళి మళ్ళీ రా" అన్నాడు. స్వామినే అన్నాడో, ఇంకెవరినైనా అన్నాడో కొండుభట్టు అడగలేదు. గుప్పెడు మట్టి, ఎంతసేపు కరుగుతుంది.

మర్నాడు సభలో సింహాసనం మీది బంగారు రేకు ఊడదీయించి సూరమ్మకు ఇచ్చాడు రాజు. కుమ్మరి వీధి జోలికి ఎవరూ రాకూడదని శాసనం రాయించాడు. "నీకేం కావాలోయ్?" అని కొండుభట్టును అడిగాడు.

"సభ గుమ్మానికి ఒక గంట కట్టించండి ప్రభూ. నేను కథ చెబుతుండగా లోపలివాళ్ళను పిలవడానికి ఎవరు వచ్చినా అది మోగించాలి. మోగితే నేను మాట మధ్యలోనే ఆపేయాలి."

"కథ పాడైపోదూ?"

"పాడైపోనివ్వండి."

రాజు నవ్వి ఒప్పుకున్నాడు. అప్పటినుంచి మణిధవళుడు రోజుకొక్క లింగమే, మట్టి తనే పిసికి, ముద్ర లేకుండా చేసేవాడు. సాయంత్రం ఎండ వాలేసరికి సభ ఎంత రక్తి కట్టినా లేచి ఏటికి వెళ్ళేవాడు. కొండుభట్టు కథలు చాలావరకు సగంలోనే ఆగిపోయాయని చెబుతారు. ఆయన అందుకేమీ బాధపడలేదు. ఆయన బాధ వేరు, పూర్తిగా చెప్పిన ఆ ఒక్క కథ గురించి.

మరి సూరమ్మ బంగారు రేకు ఏం చేసిందంటారా, అది ఇంకో...

అదుగో, నీళ్ళు పొర్లుతున్న చప్పుడు. బకెట్ నిండిపోయింది. ఆ సంగతి అలా ఉండనివ్వండి. నేను వెళ్ళి కుళాయి కట్టేస్తాను. వినాయకుడి మీద పత్రి, పూలు మెల్లిగా తీసి, పీట మీరు ముగ్గురూ పట్టుకురండి. వెళ్ళి రమ్మని చెప్పవలసింది మీరు.