ఐలెసా బండ

అనగనగా ఒక రాజ్యం. రాజ్యం అన్నాక రాజు ఉంటాడు కదా! ఆయన పేరు చండవర్మ. పేరుకు తగ్గ కోపిష్ఠి.

ఒక వేసవిలో ఆయనకు జలక్రీడల మీద మనసు పోయింది. "పెద్ద కాలువకు బండ అడ్డం వేయండి. నీళ్ళన్నీ నా ఉద్యానవనానికి మళ్ళాలి" అన్నాడు.

కాలువ కింద ఏడు ఊళ్ళ వరి పొట్ట మీద ఉంది. నీళ్ళు ఆగితే గింజ పట్టదు. ఆ మాట చెప్పిన మంత్రిని రాజు ఇంటికి పంపేశాడు.

కొండ దగ్గరి బండను కాలువ దాకా లాగడానికి ఆ ఊళ్ళ నుంచే నూరుమందిని పట్టుకొచ్చారు. అక్కడ బరువు లాగాలంటే ఒకరు పాట అందుకోవాలి, మిగతావాళ్ళు "ఐలెసా" అంటూ ఒక్కసారిగా లాగాలి. కొరడాలకు భయపడి తాళ్ళు పట్టారు. నూకాలు అనే ఆమె పాట అందుకుంది.

"కాలువ నీళ్ళు ఎవరివి?"

"ఐలెసా!"

"ఎండే చేలవి!"

"ఐలెసా!"

బండ నాలుగడుగులు కదిలింది. పాట మాత్రం సాయంత్రానికల్లా రాజధాని చేరింది. రేవులో అదే, అంగడిలో అదే, చివరికి రాణిగారికి జడ వేసే దాసి నోటా అదే.

రాజు మండిపడ్డాడు. "పాటలో మాటలు ఉండకూడదు!"

మర్నాడు నూకాలు రాగం మాత్రం తీసింది. దారిన పోయేవాళ్ళే మాటలు కలిపారు.

"రాగమూ వద్దు!"

మూడోనాడు "ఐలెసా" ఒక్కటే మిగిలింది. అది వినగానే పిల్లలు మిగతాదంతా పాడేశారు.

"ఇక నోరు తెరిస్తే నాలుక కోయిస్తా!"

నాలుగోనాడు అందరూ నోరు మూసుకున్నారు. బండ కదల్లేదు. ఒకడు లాగేటప్పుడు మరొకడు ఊపిరి పీల్చుకుంటున్నాడు. భటులు కూడా వచ్చి తాడు పట్టారు. ఊహూ.

రాజే స్వయంగా వచ్చాడు. "ఏం, తిండి తినడం లేదా?"

"తింటున్నాం మహాప్రభో! ఎప్పుడు లాగాలో తెలియడం లేదు" అంది నూకాలు.

"అయితే నన్ను పొగుడుతూ లాగండి!"

ఆస్థానకవి ముందుకొచ్చి, "ప్రచండమార్తాండమండలాఖండతేజోవిరాజిత..." అని ఎత్తుకున్నాడు. ఆ సమాసం ముగిసేసరికి నూరుమందీ కూర్చుండిపోయారు. పాపం, అందులో లాగే చోటు ఎక్కడుంది?

రాజుకు ఒళ్ళు మండింది. "చేతకాని వెధవల్లారా! నేను చెబుతా, లాగండి!" అని బండెక్కి గొంతెత్తాడు. నాలుగు రోజులుగా చెవుల్లో మోగుతున్నదే నోట్లోంచి ఊడిపడింది.

"కాలువ నీళ్ళు ఎవరివి?"

నూకాలు తాడును బండ అవతలివైపుకు తిప్పి, కాలువకు వీపు పెట్టి, కొండవైపు తిరిగింది. అందరూ తిరిగారు.

"ఎండే చేలవి!"

"ఐలెసా!" అన్నారు భటులు కూడా. వాళ్ళ చేలూ ఆ కాలువ కిందివే మరి!

బండ రాజుతో సహా కొండవైపు కదిలింది. "ఆపండి!" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. అదీ ఐలెసాలో కలిసిపోయింది.

కాలువ పారింది. ఏడు ఊళ్ళూ పండాయి. నూకాలు నాలుక జోలికి ఎవరూ పోలేదు. ఆ రోజు పాట అందుకున్నది రాజుగారే కదా!

నీతి: నిజం చెప్పే పాటను ఆపబోయినవాడికే అది అందరికంటే ముందు కంఠతా వస్తుంది.